అలిగిన గట్టు

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన లయల్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా ఒక్క మాట లేదు. కొండ మలుపు దగ్గర రేవు కనబడగానే మాత్రం అద్దం దించి గాలి పీల్చాడు.

పెద్ద డాక్టరు నాకూ చెప్పింది, ఆయనకీ చెప్పింది. గుండెకి పోయే నాళాలు పూడుకుపోయాయి, బైపాస్ చెయ్యాలి, చేయించుకుంటే మళ్లీ మామూలు మనిషి అవుతాడు. లయల్ "చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. వంటింటి కప్పు కారుతోందంటే కూడా "చూద్దాం" అన్నాడు. ఆ చినుకు కింద గిన్నె పెట్టుకుని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఇంటి ముందు గడ్డి కోసి ఉంది. పక్కింటి కెల్విన్ పని. నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ లయల్ వెంట తిరిగినవాడు, కానీ "ఎలా ఉన్నావురా" అని అడగడం వాడికి చేతకాదు. ఈ రేవులో మగాళ్లంతా అంతే. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే చాలు, మిషను తోలుకొచ్చి గడ్డి కోసేసి కంటబడకుండా జారుకుంటారు. లయల్ కిటికీలోంచి చూసి "వంకర" అన్నాడు. ఆసుపత్రి వదిలాక ఆయన నోటెంట వచ్చిన మొదటి మాట అదే.

మొన్నటిదాకా ఈ పుస్తకంలో టమాటా నారు ఎప్పుడు వేశానో రాసుకునేదాన్ని. ఈ గొడవలో టమాటాలు ఎలాగూ ఎండిపోయాయి, కాగితాలు మిగిలాయి.

లయల్ బాగానే ఉన్నాడు. నాకేం దిగుల్లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

రేవొడ్డు సంఘం మీటింగు. నేను చీజ్ వేసి కాల్చిన స్కోన్లు పట్టుకెళ్లాను. కౌన్సిల్ నుంచి చేపల గురించి చదువుకున్న అమ్మాయి వచ్చి బొమ్మలు చూపించింది. మనం పాత టైర్లు, కాంక్రీటు ముక్కలు, ఎవడో పారేసిన స్నానాల తొట్టి, అన్నీ లాగి పారేశాం కదా, ఇక వాగు రేవులో కలిసే చోట నీటి అంచున గడ్డి పెరగనివ్వాలిట. ఇనంగా చేపలు వచ్చి గుడ్లు పెట్టేది ఆ గడ్డి మొదళ్లలోనేట. వాటి పిల్లలు సముద్రంలోకి పోయి, సెప్టెంబరులో, మనకి వసంతం మొదలవగానే, సన్నచేపలై తిరిగొస్తాయి. ఏటా వలేసి పట్టి, గుడ్లసొనలో కలిపి అట్లు పోసుకుని తినే మనకి అవెక్కడ పుడతాయో మాత్రం తెలీదు. సిగ్గేసింది.

"అంటే గడ్డి కొయ్యకూడదన్నమాట," అంది నైరీ. మా సంఘానికి పెద్ద. ఈ రేవులో సగం మందికి చదువు చెప్పింది, మిగతా సగం మంది వయసుతో పనిలేకుండా ఆంటీ అంటారు. "నీటి అంచున పట్టీ ఒక్కటే వదిలేద్దాం. పైన మామూలుగానే కొయ్యొచ్చు, ఈస్టరు పడవ పందేలకి జనం కూర్చోవాలిగా. మరి లయల్‌కి ఎవరు చెప్తారు?"

ఆ వాగు గట్టు మీద గడ్డి కోసేది లయల్. రిటైరయిన దగ్గర్నుంచీ అది ఆయన రాజ్యం. ఎవరూ కొయ్యమన్లేదు, ఎవరూ వద్దన్లేదు. ఆ ఎర్ర మిషనెక్కి వాగు వంతెన నుంచి పడవల షెడ్డు దాకా తువ్వాలు పరిచినట్టు కోస్తాడు. అందరూ ఒక్కసారిగా స్కోన్ల వంక చూడ్డం మొదలెట్టారు.

"నేను చెప్తాలే," అన్నాను.

ఫిబ్రవరి 17

చెప్పలేదు. బాగా నిద్రపోతున్నాడు.

ఫిబ్రవరి 18

చెప్పలేదు. వాన.

ఫిబ్రవరి 20, గురువారం

చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

పేపరు మడిచి పక్కన పెట్టి, "అంచున వద్దు, పైన కొయ్యాలి. అంతేనా?" అన్నాడు.

"అంతే. పైన ఎప్పటిలాగే నువ్వే..."

"సగం సగం పనులు నావల్ల కాదు. కోస్తే అంతా కోస్తాను. లేదంటే అసలు కొయ్యను. నైరీకి చెప్పు, గట్టంతా ఆవిడదే. దువ్వుకుంటుందో, జడ వేసుకుంటుందో ఆవిడిష్టం."

లేచి షెడ్డులోకి వెళ్లి మిషను మీద టార్పాలిన్ కప్పేశాడు. తాళంచెవి మేకుకి తగిలించాడు. వచ్చి మళ్లీ అదే పేజీ చదివాడు.

అలగడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా. కాబట్టి మంచిదే అనుకుంటున్నాను.

మార్చి 1, శనివారం

గట్టు దగ్గర శ్రమదానం. తినడానికి తలో వంటకం తెచ్చుకున్నాం, రెల్లు మొక్కలు నాటాం. చేపల అమ్మాయి చెప్పిన చోట, వంతెన పక్కన, ఎండుగడ్డి మోపులు వరసగా పేర్చాం. గడ్డి పెరిగేదాకా ఇనంగాలు వీటిలో గుడ్లు పెడతాయిట. చూడ్డానికి బుద్ధిగా ఉన్నాయి, బెంచీల మీద కూర్చున్న పిల్లల్లాగా. నా మోకాలు పట్టేసింది. అయినా హాయిగా ఉంది. బురద గోళ్లలోకి పోయింది, టీ రుచిగా అనిపించింది, నైరీ కేకు అడుగు మాడింది, అయినా అంతా తినేశాం.

ఇంటికొచ్చేసరికి ఆసుపత్రి నుంచి ఫోనట. ఏప్రిల్‌లో పరీక్షలు, ఆ తర్వాత ఆపరేషన్‌కి తేదీ. లయల్ ఏం చెప్పాడో తెలుసా? పరీక్షలకి వస్తాడట. ఆపరేషన్ మాత్రం వద్దన్నాడట.

"ఎందుకూ?"

"ఎందుకేముంది. కోసి, కుట్టి, నెలల తరబడి మంచంలో పడేసి... ఎందుకోసం చెప్పు? కిటికీలోంచి చూడ్డానికా? ఉన్నన్నాళ్లు ఉంటాను. టీ పెడతావా?"

టీ పెట్టాను. చక్కెర బదులు ఉప్పు వేశాను. ఆయన కప్పు ఖాళీ చేసేశాడు. వంటింట్లో నా కప్పు నోట పెట్టుకున్నాక గానీ తెలీలేదు నాకు.

మార్చి 5

గాలి. బట్టలు ఆరాయి. లయల్ బాగానే ఉన్నాడు.

మార్చి 11, మంగళవారం

నేను నైరీ వాళ్లింటికి వెళ్లొచ్చేలోగా లయల్ తన వలని కెల్విన్‌కి ఇచ్చేశాడు. సన్నచేపల వల. లయల్ వాళ్ల నాన్న వంచిన చట్రం. సెప్టెంబరు వచ్చిందంటే దాని మీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు.

"వాడి దగ్గరది చిరిగింది," అన్నాడు.

"మరి నీకు?"

"సెప్టెంబరు కదా. అప్పటి సంగతి అప్పుడు."

కెల్విన్ కంచె అవతల ఆ వలని పసిపిల్లలా చంకన పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి గబగబా లోపలికి పోయాడు.

నాకేం దిగుల్లేదు. వల పాతదే.

మార్చి 16

గట్టు మీద గడ్డి మోకాలి దాకా వచ్చింది. దుకాణంలో అందరూ గొణుగుతున్నారు. పడవ పందేల పెద్ద కెల్వినే కాబట్టి వాడికి మరీ కంగారు. "జనం దుప్పట్లు ఎక్కడ పరుచుకుంటారురా?" అని లయల్‌ని అడిగితే, "నైరీని అడుగు" అన్నాడట. నైరీని అడిగితే, "పైన కొయ్యమనే చెప్పాను నాయనా, మీవాడు అలిగాడు" అందట. ముగ్గురూ నన్ను చూస్తున్నారు. నేనేం చెయ్యను? నాలుకతో కొయ్యనా?

మార్చి 30, ఆదివారం

అమావాస్య పోటు. ఇంత పెద్ద పోటు ఈ ఏడు చూళ్లేదు. సాయంత్రం వాగు వంతెన కిందకంటా నిండి, నీటి అంచు దాటి, గట్టు మీది గడ్డిలోకి ఎక్కింది.

లయల్ కిటికీ దగ్గర దుర్భిణితో కూర్చుని, "నోలా, ఇటు రా" అని పిలిచాడు. ఆ గొంతు విని పరిగెత్తుకెళ్లాను. ఛాతీ నొప్పనుకున్నాను.

"నీళ్లు చూడు. పైన, నా గడ్డిలో. పాలు కలిపినట్టు లేవూ?"

నిజమే. తెల్లగా, గడ్డి దుబ్బుల మధ్య ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. గాలి లేదు. మిగతా రేవంతా అద్దంలా ఉంది.

"చేపలే అవి," అన్నాడు. "గడ్డి మధ్య దొర్లుతున్నాయి."

దుర్భిణి నాకిచ్చి మళ్లీ లాక్కున్నాడు. టీ చల్లారిపోయింది, ఎవరం తాగలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

నైరీ, నేనూ గట్టు మీద బోర్లా పడుకుని గడ్డి విప్పి చూశాం. గుడ్లు! గసగసాలంత, కాస్త పెద్దవేమో, గాజుపూసల్లా మెరుస్తూ గడ్డి మొదళ్లకి అంటుకుని ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. వేలుపెట్టి ఎక్కడ విప్పితే అక్కడే. మేం బుద్ధిగా పేర్చిన మోపుల్లో ఒక్క గుడ్డు లేదు. ఒక నత్త ఉంది. వదిలేయమన్న అంచు పట్టీలోనూ లేవు. ఉన్నవన్నీ పైన, పందేల కోసం కొయ్యమన్న చోట, లయల్ అలిగి వదిలేసిన గడ్డిలో.

నైరీ కడుపు పట్టుకుని నవ్వింది. "మీ ఆయనకి ఈ అలక ఎప్పుడో వచ్చుండాల్సిందే!" తర్వాత ముఖం గంభీరంగా పెట్టింది. "ఎవరికీ చెప్పొద్దు. పోయినసారి పెంగ్విన్ గూడు గురించి నోరు జారితే ఊరు ఊరంతా వచ్చి తొక్కేసింది. మళ్లీ ఇంత పోటు ఈ నెలాఖరు అమావాస్యకే. అప్పుడు నీళ్లు తగిలి గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. అప్పటిదాకా గడ్డి నీడలో తడిగా ఉంటే చాలు. నువ్వూ, నేనూ, లయల్. అంతే."

బోర్డు పెడదామన్నాను. బోర్డు పెడితే పిలిచినట్టే అంది. సరే, ఆంటీ మాట కాదనేదెవరు.

లయల్‌కి చెప్పాను. పేపరు పక్కన పెట్టేశాడు.

"నేను ఎప్పట్లాగే కోసి ఉంటే?"

"ఉండేవి కావు."

"ఇన్నేళ్లూ నేను కోసినప్పుడల్లా..."

"నీకేం తెలుసు, నాకేం తెలుసు. ఊరుకో."

"నైరీ ఏమంది?" అన్నాడు.

"నువ్వు అలగడం మంచిదైందంది."

నవ్వాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మరీ నవ్వాడు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. నేను గిన్నెలు కడిగే వంకతో లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 4

లయల్ మడత కుర్చీ పట్టుకెళ్లి గట్టు పక్కన వేసుకుని కూర్చున్నాడు. కాపలా కాదట. గాలికట. ఎవరి కుక్కో గడ్డిలోకి పోతే లేచి నిలబడి మరీ తరిమాడు, గాలి కోసం.

ఏప్రిల్ 7

మళ్లీ గాలి కోసం. టోపీ, ఫ్లాస్కు, భూతద్దం తీసుకెళ్లాడు.

ఏప్రిల్ 10, గురువారం

రేపు పట్నం వెళ్లి పరీక్షలు. ఒక రాత్రి అక్కడే ఉండాలి. కుర్చీ గట్టు మీదే కంచెకి ఆనించి వచ్చాడు, ఎల్లుండి ఎలాగూ కావాలిగా అని. "ఎల్లుండి" అన్నాడు. ఆ మాట ఎంత బాగుందో.

ఏప్రిల్ 12, శనివారం

రాత్రి బాగా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

నిన్న డాక్టరు అన్నీ చూసి, మే నెలలో చేద్దామంది. లయల్ తల అడ్డంగా ఊపాడు. "నేను మామూలుగానే ఉన్నానమ్మా," అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. పొద్దున్న బయల్దేరి వస్తుంటే కారులో నాకు ఒకటే కోపం. చేపగుడ్ల కోసం కుక్కల్ని తరుముతావు, నీ గుండె కోసం కుర్చీ కూడా జరపవా అని అడగాలనుకున్నాను. అడగలేదు. రోడ్డు మలుపులెక్కువ.

కొండ మలుపు దిగుతుంటే చప్పుడు వినిపించింది. అద్దం ఎప్పట్లాగే దించి ఉంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"గట్టు మీదే," అన్నాడు లయల్. "తోలు. తోలవే!"

కెల్విన్. తన పెద్ద మిషనెక్కి, చెవులకి డిప్పలు పెట్టుకుని, పై గడ్డి కోస్తున్నాడు. వంతెన వైపు మూడో వంతు అయిపోయింది. వెనక్కి తిరిగి కోసిన వరస చూసుకుంటూ ముందుకి తోలుతున్నాడు, ముందేముందో చూడకుండా. నేను హారన్ మోగిస్తున్నాను, అరుస్తున్నాను, వాడికేం వినపడుతుంది?

లయల్ దిగాడు. పరిగెత్తకూడదని చెప్పారు కాబట్టి పరిగెత్తలేదు. చేతికి ఆసుపత్రి పట్టీ అలాగే ఉంది. నడిచి వెళ్లి, కంచెకి ఆనించిన కుర్చీ తీసి, విప్పి, మిషనుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని మరీ.

నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు ఆగింది. తెరిచి చూస్తే మిషను లయల్ బూట్లకి జానెడు దూరంలో ఉంది.

"ఒరేయ్, పిచ్చెక్కిందా నీకు! కాళ్లు తెగిపోయేవి!" కెల్విన్ ముఖం సున్నంలా తెల్లబడింది.

"దిగు."

"నీకోసమేరా! పందేల రోజు గట్టు ఇలా అడవిలా ఉంటే నీకు బాధేస్తుందని. నువ్వొచ్చేలోగా చేసేద్దామని. ఆంటీ చెప్పినట్టే అంచు పట్టీ ముట్టుకోనుకూడా లేదు చూడు. పైన మాత్రమే కోశాను. వంకర అన్నావుగా పోయినసారి... ఈసారి సూటిగా రావాలని చూసుకుంటూ కోశాను."

లయల్ వాడి వెనకాల కోసిన వరసలు చూశాడు. గీత గీసినట్టున్నాయి.

"సూటిగానే ఉన్నాయిరా," అన్నాడు.

వాడిని కిందకి దింపి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గడ్డి విప్పి చూపించాడు. కోసిన చోట కూడా చూపించాడు. మొదళ్లు బతికున్నాయి, గుడ్లు ఉన్నాయి, కానీ నెత్తిన నీడ లేదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా వాటి మీద. కెల్విన్ ఆ గుడ్లని చూసి, తన మిషనుని చూసి, రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. వాడి భార్య పోయినప్పుడు కూడా వాణ్ణి అలా చూళ్లేదు.

"ఏడవకు. ఏడిస్తే ఉప్పునీళ్లు, వాటికి పనికిరావు," అన్నాడు లయల్. "గోనెసంచులు ఎన్నున్నాయి నీ దగ్గర? చేపలు పట్టుకొచ్చినప్పుడు వాడిపోకుండా తడిగోనె కప్పమూ? అదే చేద్దాం. లే! నోలా, నైరీకి ఫోను చెయ్. ఇక రహస్యం లేదూ పాడూ లేదు, ఊరందర్నీ పిలవమను."

వచ్చారు. బంగాళాదుంపల సంచులు, ఉన్ని సంచులు, ఎవరో పాత కాళ్లపట్టా కూడా తెచ్చారు. వాగు నీళ్లలో ముంచి, కోసినంతమేరా పరిచాం. లయల్ కుర్చీలోంచి కదలకుండా అందరి మీదా కేకలేశాడు. "కుమ్మరించడం కాదు, చిలకరించు! నీ పూలమొక్కలనుకున్నావా?" నైరీ ఆయన పక్కకొచ్చి, "బోర్డు పెట్టాల్సింది. నోలా చెప్పింది, నేనే వినలేదు," అంది. "నువ్వు బడిలో ఉన్నప్పుడూ వినేదానివి కాదు," అన్నాడు లయల్. ఇద్దరూ ఒకే తరగతి.

ఇప్పుడు పడుకున్నాడు. ఊపిరి బాగానే ఉంది. లెక్కపెడుతున్నానని కాదు.

ఏప్రిల్ 13

పొద్దున్నే కెల్విన్ సంచులు తడుపుతూ కనబడ్డాడు. వీపుకి మందుకొట్టే డబ్బా తగిలించుకున్నాడు. తడిపాడు, పోయాడు.

ఏప్రిల్ 15

వంతులు వేశారు. పొద్దున కెల్విన్, మధ్యాహ్నం నైరీ, సాయంత్రం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు. పెద్దరికం లయల్‌ది. బకెట్టు ఎత్తకూడదు కదా, అందుకని నోరు ఎత్తుతున్నాడు.

ఏప్రిల్ 19, శనివారం

పడవ పందేలు. గట్టు చుట్టూ తాడు కట్టి, నైరీ పడవల షెడ్డు పాత తలుపు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టింది: "ఇక్కడ పిల్లలు నిద్రపోతున్నారు." జనం దుప్పట్లు రోడ్డు మీద పరుచుకున్నారు. ఎవరూ గొణగలేదు. రోడ్డు మీద కూర్చుని తింటే సాసేజి ఇంకా రుచిగా ఉందట, చిన్నతనం గుర్తొచ్చిందట.

కెల్విన్ మైకులో ప్రతి పందేనికీ మధ్యలో, "తరవాతది తెడ్ల పడవలు, ఈలోగా సంచులు తడపండి!" అని అరుస్తూనే ఉన్నాడు. ఓడిపోయిన జట్టు నీళ్లు మొయ్యాలని రూలు పెట్టాడు. గెలిచినవాళ్లు కూడా మోశారు. లయల్ కుర్చీ చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు. భూతద్దానికి లైను కట్టారు. నా కేకు మొదటిసారి పూర్తిగా అయిపోయింది.

సంతోషంగా ఉంది. ఊరికే రాస్తున్నాను.

ఏప్రిల్ 24

కళ్లు వచ్చాయి! ఒక్కో గుడ్డులో రెండు నల్ల చుక్కలు. కెల్విన్ భూతద్దంలో చూసి, "నా వంకే చూస్తున్నాయిరా," అన్నాడు.

"గుర్తుపట్టాయిలే," అన్నాడు లయల్.

కోసిన చోట కొన్ని తెల్లబడిపోయాయి. అవి చచ్చిపోయినవి. కానీ సంచుల కింద కళ్లున్నవే ఎక్కువ. కెల్విన్ తెల్లవాటిని చూడకుండా ఉండాలని లయల్ ఆ పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను చూశాను.

ఏప్రిల్ 28, సోమవారం

ఇవాళే పోటు. సాయంత్రం ఊరంతా గట్టు చుట్టూ నిలబడింది. ఎవరూ పిలవలేదు. కోట్ల జేబుల్లో చేతులు పెట్టుకుని, చర్చిలోలాగా గుసగుసలు. నీళ్లు వాగు నిండా పైకొచ్చి, అంచు పట్టీ దాటి, గడ్డిలోకి పాకాయి. సంచులు తీసేశాం. కోసిన మొదళ్లూ మునిగాయి.

లయల్ గాజు సీసాతో మోకాళ్ల మీద వంగి, గడ్డి మధ్య నుంచి కాసిని నీళ్లు ముంచాడు. కెల్విన్ టార్చి పట్టాడు. సీసాలో వెంట్రుకంత చేపపిల్లలు, కళ్లు మాత్రమే కనబడేవి, వణుకుతూ తిరుగుతున్నాయి. ఎక్కడ ముంచావని వాడడిగితే, కోసిన చోటే అన్నాడు. కెల్విన్ "హమ్మయ్య" అని అక్కడే తడిలో చతికిలబడ్డాడు.

లయల్ సీసా మెల్లగా వంచి వాటిని వదిలేశాడు. నీళ్లు వెనక్కి తియ్యడం మొదలెట్టాయి.

"ఎప్పుడొస్తాయి తిరిగి?" అని నైరీని అడిగాడు.

"సెప్టెంబరు, అక్టోబరు. ఇంత పొడుగయ్యి."

"ఇక్కడికేనా?"

నైరీ అబద్ధం చెప్పదు. "చెప్పలేం లయల్. ఏదో ఒక వాగుకి పోతాయి. ఇదే అని లేదు."

"మరి మనవేనని ఎలా తెలుస్తుంది?"

"తెలీదు."

"ఇంత తడిపాక!" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత చాలాసేపు రేవు వంక చూస్తూ నిలబడ్డాడు. చలిగా ఉంది, ఇంటికి పోదామంటే వినలేదు. అందరూ వెళ్లాక గానీ కదల్లేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

పొద్దున లేచేసరికి లయల్ పక్కన లేడు. దుప్పటి తోసేసి లేచాను. వంటింట్లోంచి మాట వినబడింది. ఫోనులో.

"...ఆ, అదేనమ్మా, ఆపరేషన్ గురించే. మే నెలలో చేస్తే సెప్టెంబరుకి మామూలు మనిషినవుతానా? మామూలంటే, అంటే... నీళ్లలో నిలబడొచ్చా? వాగులో. తొడల దాకా. కదలకుండా గంటల తరబడి నిలబడాలి. కాదమ్మా, ఈత కాదు. సన్నచేపలు. ఆ. నీళ్లు చల్లగానే ఉంటాయి. డాక్టరుగారిని అడిగి చెప్తావా? నేను లైన్లోనే ఉంటాను."

తలుపు అవతల గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో దిగుల్లేదు, దిగుల్లేదు అని రాసుకున్నదంతా పచ్చి అబద్ధం. ఒక్క రోజూ నిద్రపోలేదు నేను. ఆయన ఊపిరి లెక్కపెడుతూ పడుకున్నాను. ఇప్పుడు ఆపరేషన్ అంటే భయంగా ఉంది. అయినా ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మే 21కి తేదీ ఇచ్చారు. నిలబడొచ్చన్నారట, చెప్పినట్టు వింటే.

టీ పెట్టేలోగా కెల్విన్ వచ్చాడు, చంకలో లయల్ వల. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో! పాతబడి చివికిన చోటల్లా కొత్త దారంతో కుట్టి ఉంది.

"నేను వాడలేదురా," అన్నాడు. "గోడకి తగిలించి ఉంచాను. నీకు... నీ ఒళ్లు..." అని ఆగిపోయాడు. మెడ ఎర్రబడింది. "ఎలా ఉన్నావురా?"

లయల్ వాడి వంక వింతగా చూశాడు. నేనూ చూశాను. అరవై ఏళ్ల స్నేహంలో మొదటిసారి అడగడం.

"బాగాలేనురా," అన్నాడు లయల్. "మేలో బాగుచేస్తారట. టీ తాగుతావా?"

"ఇంత తడిపి పెంచి, మళ్లీ వలేసి పట్టి తింటారా?" అన్నాను.

"మనవో కాదో తెలీదందిగా నైరీ," అన్నాడు లయల్. "ఒక్క అట్టు. మిగతావి వదిలేస్తాను."

"ఒక్కటేనా?"

"కెల్విన్‌కి ఒకటి."

షెడ్డులోకి వెళ్లి తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు పట్టుకొచ్చాడు. సరిపోతాయో లేదో చూడాలట, ఒళ్లు తగ్గింది కదా అని. వంటింటి మధ్యలో వేసుకున్నాడు. లోపల్నుంచి పోయినేటి ఇసుక, ఎండిన బురద రాలి, నిన్న తుడిచిన గచ్చు మీద పరుచుకుంది. అవి విప్పకుండానే గోడకి ఆనుకుని, కెల్విన్‌తో కబుర్లు చెప్తూ, నిలబడే టీ తాగాడు. ఆ ఇసుక ఇంకా ఊడవలేదు.